మత తీవ్రవాదుల ప్రచారాన్ని గుర్తుపట్టడం ఎలా? మనవాళ్లను అందులోంచి కాపాడుకోవడం ఎలా?

తీవ్రవాద సంస్థల ప్రచారం అనగానే ముసుగులు, తుపాకులు, నల్లజెండాలు గుర్తొస్తాయి. అలాంటి వీడియో ఫోన్‌లో కనబడితే ఎవరైనా ఉలిక్కిపడి పక్కకు నెట్టేస్తారు. మనం గుర్తుపట్టలేనిది అంతకుముందు నెలల తరబడి మెత్తగా వచ్చి చేరే సరుకు. 2015లో చార్లీ వింటర్ అనే బ్రిటిష్ పరిశోధకుడు, ఇరాక్, సిరియాల్లో పాతుకుపోయిన తీవ్రవాద సంస్థ ఐసిస్ ఒక్క నెలలో విడుదల చేసిన ఫొటోలు, వీడియోలు, ప్రకటనలు పోగేసి లెక్కవేశాడు. సగానికి పైగా పౌరజీవితం గురించే. సంతలు, ప్రార్థనలు, పచ్చటి ప్రకృతి, తమ ఏలుబడిలో అన్నీ సవ్యంగా నడుస్తున్నాయన్న భరోసా. భయపెట్టే వీడియోలు శత్రువుల కోసం, టీవీ ఛానళ్ల కోసం. రమ్మని పిలిచేవి మాత్రం ఇవీ.

అందుకే ఈ ప్రచారాన్ని గుర్తుపట్టాలంటే అందులో ఎంత క్రూరత్వం ఉందో చూస్తే సరిపోదు. అది మనిషిని ఎక్కణ్నుంచి ఎక్కడికి నడిపిస్తోందో చూడాలి. మీ చేతికొచ్చిన పోస్టు గురించైనా, మీకు కావలసిన మనిషి గురించైనా ఈ పద్ధతిలోనే ముందుకెళ్లండి.

భక్తి వేరు, ఇది వేరు

అన్నిటికంటే ముందు ఇది తేల్చుకోండి. ఇంట్లో కుర్రాడు ఉన్నట్టుండి పూజలో, నమాజులో, బైబిలు పఠనంలో ఎక్కువసేపు గడపడం మొదలుపెడితే కొందరు కంగారు పడతారు. ఆ కంగారు వల్ల రెండు నష్టాలు. అసలు గుర్తులు మీ కళ్లపడవు. పైగా 'నీ విశ్వాసాన్ని మీ ఇంట్లోవాళ్లు గౌరవించరు' అని ప్రచారకులు ముందే చెప్పి ఉంటారు గనక, మీ అనుమానమే వాళ్ల మాటకు సాక్ష్యమవుతుంది.

నిజానికి ఇందులో పడేవాళ్లలో చాలామందికి మతం గురించి తెలిసింది తక్కువ. బర్మింగ్‌హామ్‌కు చెందిన ఇద్దరు యువకులు సిరియా వెళ్లి సాయుధ గుంపులో చేరినందుకు 2014లో బ్రిటన్ కోర్టులో నేరం ఒప్పుకున్నారు. బయల్దేరే ముందు వాళ్లు ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న పుస్తకాలు ఏమిటో తెలుసా? ఇస్లాం గురించి ఓనమాలు తెలియనివాళ్ల కోసం రాసిన పరిచయ పుస్తకాలు. చిన్నప్పటినుంచీ శాస్త్రం చదువుకున్నవాడిని ఒక ముక్క వాక్యం చూపించి నమ్మించడం కష్టం. నిన్నగాక మొన్న మొదలుపెట్టినవాడి దగ్గర ఆ ఇబ్బంది లేదు.

ఇది ఏదో ఒక మతం జబ్బు అనుకుంటే మరీ పొరపాటు. జపాన్‌లో ఓమ్ షిన్రిక్యో అనే మతగుంపు 1984లో యోగా తరగతులతో మొదలైంది. గురువు షోకో అసహారా గాలిలో తేలిపోతున్నట్టు కామిక్ పుస్తకాలు, యానిమేషన్ చిత్రాలు తీసి పంచింది. పేరున్న విశ్వవిద్యాలయాల్లో సైన్సు చదివినవాళ్లు వరసకట్టి చేరారు. 1995 మార్చి 20న టోక్యో భూగర్భ రైళ్లలో సారిన్ విషవాయువు వదిలింది వాళ్లే. మయన్మార్‌లో 969 అనే ఉద్యమం పేరుతో ముస్లింల మీద ద్వేషం నూరిపోసినవాళ్లలో ముందు నిలిచింది విరాతు అనే బౌద్ధ భిక్షువు. అమెరికాలో గర్భస్రావ క్లినిక్‌ల మీద దాడులను దైవకార్యంగా కీర్తించిన ఆర్మీ ఆఫ్ గాడ్ అనే క్రైస్తవ తీవ్రవాద గుంపు బైబిలు వాక్యాలనే చూపించింది. జెండా రంగు, వాడే గ్రంథం మారతాయి. పద్ధతి మాత్రం ఆశ్చర్యం కలిగించేంత ఒకేలా ఉంటుంది. కాబట్టి మతాన్ని పక్కనపెట్టి పద్ధతిని చూడటం అలవాటు చేసుకోండి.

వరసను పట్టుకోండి

ఈ ప్రచారం ఒక వరసలో సాగుతుంది. అన్నిసార్లూ అచ్చు ఇదే క్రమం కాకపోవచ్చు గానీ మెట్లు మాత్రం ఇవే.

మొదట పలకరింపు. ఒంటరిగా ఉన్నవాడికి, ఉద్యోగం పోయినవాడికి, ఇంట్లో ఎవరో చనిపోయినవాడికి, కొత్త ఊళ్లో ఎవరూ తెలియనివాడికి 'తమ్ముడూ, ఎలా ఉన్నావు?' అని అడిగే గొంతు దొరుకుతుంది. రోజూ అడుగుతుంది. రాత్రి రెండింటికి మెసేజ్ పెట్టినా జవాబిస్తుంది. ఈ దశలో మతం కూడా పెద్దగా ఉండదు. నా లెక్కలో ఇదే అన్నిటికంటే బలమైన మెట్టు. తర్వాత వచ్చే వాదనలన్నిటినీ ఆ మనిషి నమ్మేది వాటిలో పస ఉండి కాదు, చెప్పేవాడు తనవాడు గనక.

రెండోది గాయం. ఎక్కడో తన మతంవాళ్ల మీద జరిగిన అన్యాయం ఫొటోలు, వీడియోలు మొదలవుతాయి. ఇక్కడ చాలామంది పెద్దలు బోల్తా పడతారు. 'అవన్నీ అబద్ధాలు' అనేస్తారు. అన్నీ అబద్ధాలు కావు. ఆ ఫొటోలోని పిల్లవాడు నిజంగానే చనిపోయి ఉండవచ్చు, ఆ ఇల్లు నిజంగానే కూలి ఉండవచ్చు. మోసం ఉండేది ఆ తర్వాతి గెంతులో: 'ఇంత అన్యాయం జరిగింది' నుంచి 'చేసినవాళ్ల మతంలో పుట్టిన ప్రతివాడూ దోషే' దాకా ఒకే అంగలో దూకిస్తారు. మధ్యలో అడగాల్సిన ప్రశ్నలు పదిదాకా ఉంటాయి. ఒక్కటీ అడగనివ్వరు. మీరు వేలు పెట్టి చూపాల్సింది ఆ గెంతును, గాయాన్ని కాదు.

మూడోది లోకాన్ని రెండుగా చీల్చడం. అయితే మాతో, లేకపోతే వాళ్లతో. ఐసిస్ తన పత్రిక దాబిక్‌లో 2015 ఫిబ్రవరిలో ఈ మాట దాచుకోకుండానే రాసింది. ముస్లింలు ఇతరులతో కలిసిమెలిసి బతికే ఆ మధ్య ప్రాంతాన్ని 'బూడిదరంగు ప్రాంతం' అని, దాన్ని లేకుండా చేయడమే తమ పని అని చెప్పుకుంది. ఇరుగుపొరుగు స్నేహాలు, మతాంతర పెళ్లిళ్లు, ఒకే ఆఫీసులో పనిచేసే వేర్వేరు మతాలవాళ్లు: తీవ్రవాదికి అసలు శత్రువులు ఇవీ. ఒక దాడి జరిగాక సామాన్యులు తమ పక్కింటివాళ్లను అనుమానంగా చూడటం మొదలుపెడితే, దాడి చేసినవాళ్లు కోరుకున్నది సగం నెరవేరినట్టే.

నాలుగోది విడదీయడం. పాత స్నేహితులు 'దారి తప్పినవాళ్లు' అవుతారు. ఊళ్లోని మతపెద్దలు 'ప్రభుత్వానికి అమ్ముడుపోయినవాళ్లు'. తల్లిదండ్రులు 'లోకం మాయలో ఉన్నవాళ్లు'. ఎదురు ప్రశ్న వేయగల ప్రతి మనిషికీ ఒక పేరు పెట్టి పక్కకు తప్పిస్తారు. చివరికి మిగిలేది ఫోన్‌లోని ఆ గొంతు ఒక్కటే.

ఐదోది తొందర. 'ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కుదరదు', 'అంతిమ యుద్ధం మొదలైంది', 'అక్కడ వాళ్లు చస్తుంటే నువ్వు ఇక్కడ నిద్రపోతావా'. ఐసిస్ 2014 జూన్ 10న మోసుల్ నగరాన్ని పట్టుకుంది, 29న ఖలీఫా రాజ్యం ప్రకటించింది. జులైకల్లా దాబిక్ తొలి సంచిక బయటికొచ్చింది. దాబిక్ అన్నది సిరియాలో ఒక చిన్న ఊరు. అంతిమ యుద్ధం అక్కడే జరుగుతుందని నమ్మించి ఆ పేరు పెట్టారు. 2016 అక్టోబరులో ఆ ఊరు చేజారింది, ఏ అంతిమ యుద్ధమూ జరగలేదు. అప్పటికే, ఆ సెప్టెంబరు నుంచే, రుమియా అనే వేరే పేరుతో పత్రిక తెచ్చుకున్నారు. గడువు పెట్టి తొందరపెట్టినవాళ్లకు గడువు దాటితే ఇంకో గడువు దొరుకుతుంది. ఈలోగా 110కి పైగా దేశాల నుంచి 40,000 మందికి పైగా ఇరాక్, సిరియాలకు వెళ్లారని ఐక్యరాజ్యసమితి అంచనా.

చేతికొచ్చిన పోస్టును ఇలా పరీక్షించండి

ముందు కాసేపు ఫోన్ పక్కన పెట్టండి. వినడానికి చిన్నమాటే. కానీ ఈ సరుకంతా తయారయ్యేది మీ కోపం చల్లారకముందే మీ వేలు షేర్ బటన్ మీద పడాలని.

తర్వాత ఫొటోను బొమ్మల వెతుకులాటలో పెట్టి చూడండి. గూగుల్ లెన్స్ లాంటివి చాలు. పాత యుద్ధంలోని ఫొటో కొత్త గొడవకు అతికించి ఉంటే తరచుగా ఇక్కడే బయటపడుతుంది. ఫొటో నిజమైనదే అని తేలితే అక్కడితో ఆగకండి. దాని కింద రాసిన నాలుగు వాక్యాల్లో జరిగిన సంగతి ఎంత, తీర్పు ఎంత అని విడదీసి చూడండి. ఎవరు రాశారు? పేరూ ఊరూ ఉన్న మనిషేనా? ఈ పోస్టు చివరికి నన్ను ఏం చేయమంటోంది? బాధితులకు సాయం చేయమంటోందా, ఎవరినో అసహ్యించుకోమంటోందా, లేక ఇంకో గ్రూపులో చేరమంటోందా? నా అనుభవంలో ఈ చివరి ప్రశ్న ఒక్కటే సగం పని చేసిపెడుతుంది.

గ్రంథం నుంచి వాక్యం ఉంటే దాని ముందు వాక్యం, వెనక వాక్యం తీసి చదవండి. మీకు చేతకాకపోతే మీకు ముఖాముఖి తెలిసిన పండితుణ్ని అడగండి. 2014 సెప్టెంబరులో 126 మంది ముస్లిం పండితులు ఐసిస్ నాయకుడు అబూ బకర్ అల్ బగ్దాదీకి బహిరంగ లేఖ రాశారు. ఖురాన్‌లోంచి తమకు కావలసిన ముక్క ఏరుకుని, మిగతా ఖురాన్, హదీసులు (ప్రవక్త మాటలు, చేతల వివరాలు) ఏం చెబుతున్నాయో చూడకుండా తీర్పులు చెప్పడం తగదని అందులో మొదట్లోనే తప్పుపట్టారు. ఏ మతం గ్రంథానికైనా ఇదే కొలబద్ద పనికొస్తుంది.

చోటు మారమంటే ఆగండి

అందరికీ కనబడే వేదిక మీద మొదలైన మాటలు 'ఇక్కడ వద్దు, అక్కడికి రా' అని రహస్య ఛానల్‌కు మారడం పెద్ద గుర్తు. బయటి వేదికల మీద వేసేది ఎర మాత్రమే, అసలు నూరిపోత లోపలే. 2019 నవంబరులో ఐరోపా సమాఖ్య పోలీసు సంస్థ యూరోపోల్, మెసేజింగ్ యాప్ టెలిగ్రామ్ కలిసి ఐసిస్ ఖాతాలను, ఛానళ్లను పెద్ద ఎత్తున తొలగించాయి. వాళ్ల వార్తాసంస్థ అమాక్ ఖాతాలు కూడా వాటిలో ఉన్నాయి. ఒకచోట తలుపు మూస్తే ఇంకో చిన్న యాప్ వెతుక్కుంటారు, ఆటల్లో మాట్లాడుకునే గదుల్లోకి వస్తారు. కాబట్టి పిల్లలతో 'ఫలానా యాప్ వాడొద్దు' అనేకంటే, 'ఎవరైనా రహస్యంగా మాట్లాడుకుందాం అంటే, చూశాక చెరిపేయమంటే నాకు చెప్పు, నిన్ను తిట్టను' అనడం మేలు. ఆ 'తిట్టను' అన్న మాట నిలబెట్టుకోవాలి మరి.

ఖండించడానికి కూడా పంచకండి

చాలామంది మంచివాళ్లు ఇక్కడే తెలియక వాళ్ల పని చేసిపెడతారు. 'చూడండి ఎంత దుర్మార్గమో' అని హత్య వీడియోను పది గ్రూపుల్లో పెడతారు. 2019 మార్చి 15న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో ఒక తెల్లజాతి ఆధిక్యవాది 51 మందిని చంపాడు. తను చేస్తున్నది ఫేస్‌బుక్‌లో ప్రత్యక్షప్రసారం చేశాడు. అది నడుస్తున్నప్పుడు చూసినవాళ్లు 200 మంది కూడా లేరని ఫేస్‌బుక్ చెప్పింది. ఆ తర్వాత 24 గంటల్లో తాము తొలగించిన నకళ్లు మాత్రం 15 లక్షలని కూడా చెప్పింది. ఆ అంకెల మధ్య తేడా అంతా పంచినవాళ్ల పుణ్యమే.

మీరు చేయాల్సింది: ఆ వేదికలోనే రిపోర్టు కొట్టండి. ఖాతా పేరు, లింకు, తేదీ ఒక కాగితం మీద రాసుకోండి. వీడియోను దింపుకుని దాచుకోకండి. కొన్ని దేశాల్లో అలాంటివి దగ్గర ఉంచుకోవడమే నేరం. గ్రూపులో ఎవరో పెట్టారనుకోండి, అడ్మిన్ మీరైతే తీసేసి, పెట్టినవాడితో విడిగా మాట్లాడండి. అందరిముందూ కడిగేస్తే అతనికి ఇంకో గ్రూపు సిద్ధంగా ఉంటుంది. జరిగిన దాడి గురించి మాట్లాడాలనిపిస్తే చనిపోయినవాళ్ల గురించి మాట్లాడండి. చంపినవాడి పేరు, ఫొటో, వాడు రాసిన ప్రకటన, ఇవేవీ మీరు మోసుకు తిరగాల్సినవి కావు.

మనిషిలో మార్పు కనబడితే

ఒక్క గుర్తు చూసి నిర్ధారణకు రాకండి. కొత్తగా వచ్చిన మార్పులు, కొద్ది వారాల్లో కలిసి వచ్చినవి చూడండి. ఏళ్లుగా ఉన్న స్నేహితులను ఒక్కసారిగా వదిలేయడం. ఇంట్లో ఎవరి మాటకైనా తనది కాని పదజాలంలో, బట్టీపట్టినట్టు జవాబు చెప్పడం. మీరు గదిలోకి రాగానే ఫోన్ తిప్పేయడం. సరదాగా చేసే పనులన్నీ పాపమని మానేసి, మిగతావాళ్లను కూడా మానమని వేధించడం. దాడి జరిగిన వార్త వస్తే చనిపోయినవాళ్లకు తగిన శాస్తి జరిగిందనడం. వీటిలో చివరిదాన్ని తేలిగ్గా తీసుకోకండి. మిగతావి ఆ వయసులో వేరే కారణాలకూ వస్తాయి. ప్రేమ, పరీక్షలు, దిగులు... ఏదైనా కావచ్చు. కారణం ఏదైనా మాట్లాడాల్సిందే కదా.

ఎలా మాట్లాడాలి

మొదటి మాట ఆరోపణ కాకూడదు. 'నువ్వూ వాళ్లలా తయారయ్యావా?' అంటే సంభాషణ అక్కడితో సరి. 'ఈ మధ్య నీ మనసులో ఏదో తిరుగుతోంది. ఏం చూస్తున్నావో నాకూ చూపించు' అని మొదలుపెట్టండి. చూపిస్తే మధ్యలో అడ్డు రాకుండా పూర్తిగా చూడండి. 'ఆ పిల్లలను చూస్తే నాకూ కడుపు తరుక్కుపోతోంది' అనగలిగితే అనండి, అది నిజమే అయితే. గాయాన్ని ఒప్పుకున్నాకే ఆ తర్వాతి గెంతు గురించి మాట్లాడే హక్కు మీకు వస్తుంది.

మతం మీద వాదనకు దిగకండి, మీకు అందులో పట్టు ఉంటే తప్ప. వాళ్లకు ప్రతి ప్రశ్నకూ తయారుజవాబు ఇచ్చి పంపుతారు. దానికి బదులు జవాబు తయారుగా లేని ప్రశ్నలు అడగండి. 'నీతో రోజూ మాట్లాడే ఆయన అసలు పేరేమిటి? ఎక్కడుంటాడు? నిన్ను వెళ్లమంటున్న చోటికి ఆయనెందుకు వెళ్లలేదు?' అడిగి ఊరుకోండి. జవాబు కోసం పట్టుబట్టకండి. ఆ ప్రశ్నలు అతను ఒక్కడే ఉన్నప్పుడు పనిచేస్తాయి.

వెళ్లివచ్చినవాళ్ల మాటలు కూడా వినిపించండి. ఐసిస్‌ను వదిలి బయటపడి నోరు విప్పిన 58 మంది మాటలను లండన్‌లోని కింగ్స్ కాలేజీకి చెందిన ఒక పరిశోధనా కేంద్రం 2015లో విశ్లేషించింది. వాళ్లు చెప్పిన కారణాలు దాదాపు ఒకటే: తోటి ముస్లింలనే చంపమన్నారు, లోలోపల కొట్లాటలు, నాయకుల అవినీతి, వీడియోలో చూపించిన బతుకు అక్కడ లేకపోవడం. ప్రభుత్వ ప్రకటన కొట్టిపారేసే కుర్రాడు కూడా, అదే దారిన పోయివచ్చినవాడి మాట కాసేపు వింటాడు.

ఫోన్ లాక్కోవడం, గదిలో పెట్టి తాళం వేయడం, బంధువులందరినీ పోగేసి పంచాయితీ పెట్టడం, ఇవి వద్దు. ఫోన్ ఇంకొకటి దొరుకుతుంది, మీమీద నమ్మకం దొరకదు.

ఇంకా ఎవరూ ఇందులో పడని ఇంట్లో, తరగతి గదిలో అయితే పని సులువు. విలియం మెగ్వైర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1960లలోనే దీనికో దారి చూపాడు: మోసపు వాదనను ముందే చిన్న మోతాదులో చూపించి, దాన్ని ఎలా విప్పాలో నేర్పితే, తర్వాత అసలుది ఎదురైనప్పుడు తట్టుకుంటారు. ఏదైనా వ్యాపార ప్రకటన తీసుకుని 'ఇది మనల్ని ఎక్కడ తొందరపెడుతోంది, ఎక్కడ భయపెడుతోంది, ఏం దాచింది?' అని పిల్లలతో ఆడించండి. తీవ్రవాదం పేరెత్తకుండానే సగం పాఠం అయిపోతుంది.

ఎప్పుడు బయటి సాయం తీసుకోవాలి

కొన్ని కనబడితే ఇక మాటలతో కాలం గడపకూడదు. చెప్పకుండా ప్రయాణ ఏర్పాట్లు, వస్తువులు అమ్మేయడం, వీడ్కోలు చెబుతున్నట్టు మాటలు, ఆయుధాల గురించి, పేలుడు పదార్థాల గురించి వాకబు, ఒక చోటును లేదా మనిషిని పేరుపెట్టి బెదిరించడం, ఏదైనా సంస్థకు విధేయత ప్రకటించడం. వెంటనే పోలీసులకు చెప్పండి. కన్నవాళ్లకు ఇది గుండె రాయి చేసుకునే పని. అయినా ముందే చెబితే ఆపే అవకాశం ఉంటుంది, జరిగాక చెబితే కేసు మాత్రమే ఉంటుంది.

అంతదాకా రాకపోతే మానసిక వైద్యుడు, కౌన్సిలర్, మీ అబ్బాయి గౌరవించే మతగురువు, పాత ఉపాధ్యాయుడు, వీళ్లలో ఒకరిని కలుపుకోండి. జర్మనీలో ఇలాంటి కుటుంబాల కోసం 2012 నుంచి ప్రభుత్వమే ఒక సలహా ఫోన్ నడుపుతోంది. డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో పోలీసులు, నగరపాలక సంస్థ కలిసి సిరియా నుంచి తిరిగొచ్చిన యువకులకు చదువు, ఉద్యోగం చూపించి, ఒక్కొక్కరికి తోడుగా ఒక పెద్దమనిషిని పెట్టారు. నేరం చేసినవాళ్లను వదిలేశారని కాదు. చేయనివాళ్లను మళ్లీ ఆ ఫోన్ గొంతుకు అప్పగించకూడదనుకున్నారు. మీ దేశంలో అలాంటి సేవ ఉందేమో ముందే కనుక్కుని నంబరు రాసిపెట్టుకోండి.

వెనక్కి వచ్చాక

మనిషి అందులోంచి బయటపడ్డాక ఇంట్లోవాళ్లు హమ్మయ్య అనుకుని పాత జీవితానికి వెళ్లిపోతారు. అతనికి మాత్రం ఒక్కసారిగా స్నేహితులూ, లక్ష్యమూ, రోజువారీ పలకరింపూ పోయాయి. తప్పుడు చోట దొరికినా, అవి అతనికి కావలసినవే. బాధితులకు సాయం చేయాలన్న తపన నిజమైనదైతే, దానికి పేరూ లెక్కలూ ఉన్న సేవాసంస్థలో పని చూపించండి. రాత్రి రెండింటికి మాట్లాడాలనిపిస్తే ఎవరికి ఫోన్ చేయవచ్చో ముందే అనుకోండి. ఈ సంగతి బంధువుల్లో ఎవరికి తెలియాలో అతన్నే అడిగి తేల్చండి. ప్రతి పెళ్లిలో, ప్రతి విందులో ఎత్తిచూపేవాళ్లు తయారైతే కోలుకోవడం కష్టం.

పాత ఖాతా నుంచి మళ్లీ మెసేజ్ వస్తుంది. దాదాపు తప్పకుండా వస్తుంది, కొత్త పేరుతో. ఏం చేయాలో ఇద్దరూ కలిసి ముందే నిర్ణయించుకోండి: జవాబు ఇవ్వకపోవడం, ఖాతా పేరు రాసుకోవడం, అధికారులకో, మీకు సాయపడుతున్న కౌన్సిలర్‌కో చెప్పడం, ఆ తర్వాతే బ్లాక్ చేయడం.